పట్టా ఎద్దుది, పట్టు ఉడుముది

ఎర్రరాళ్ళ కోనలో ఎవరి నేల వాళ్ళకుంది. వాగు దాపున ఉన్న తుంగమడుగు అడవిపందులది. పల్లంలోని పచ్చిక గేదె గౌరమ్మది. ముళ్ళపందికి ఒక పొదల దిబ్బ, కుందేళ్ళకు ఒక చవిటి మిట్ట. ఇవన్నీ తాతల కాలంలో సభరాయి దగ్గర కూర్చుని పంచుకున్న వాటాలు. ఆ రాయి దగ్గర ఒప్పుకున్న మాట కోనలో ఎవరూ దాటరు. పులి తిరిగిన రోజుల్లో పులి కూడా దాటలేదని చెప్పుకుంటారు.

అన్నిటికన్నా పెద్ద నేలచెక్క మెరకనున్న బీడు. దాని పట్టాదారు పుల్లయ్య. పేరుకు తగ్గట్టే పుల్లరంగు ఎద్దు. వయసు మీద పడింది, మోకాళ్ళు నొప్పులు. మాట్లాడేది తక్కువ, మాటిస్తే మాత్రం తల తెగినా తప్పేవాడు కాదు.

చూడ్డానికి ఆ బీడు ఏమంత గొప్పగా ఉండదు. మోకాలెత్తు బోదగడ్డి, నాలుగు రేగుచెట్లు, మధ్యమధ్య నల్లగుండ్లు, అంతే. కానీ కొండమీద పడ్డ వానను పట్టి ఆపేవి ఆ గడ్డివేళ్ళే. ఆగిన నీళ్ళు నెమ్మదిగా నేలలోకి ఇంకి, బీడు అడుగున ఊటగా బయటికొచ్చేవి. రోళ్ళు పగిలే రోహిణి ఎండల్లోనూ ఆ ఊట ఆరేది కాదు. కోనలోని ప్రాణులన్నీ అక్కడే గొంతు తడుపుకొనేవి. తాగి, మూతి తుడుచుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవి. ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయని పైకి చూసినవాళ్ళు లేరు.

మూడేళ్ళ కిందట ఆ బీడులోకి సర్కారు తుమ్మ దిగింది. మేకలు దాని కాయలు ఎక్కడో మేసొచ్చి, గింజల్ని పెంటికలతో సహా బీడంతా చల్లి పోయాయి. తుమ్మ లేచినచోట గడ్డి చచ్చింది. చుట్టూ ఉన్న ముళ్ళకంచె కూడా పుచ్చి పడిపోయింది. పుల్లయ్య పొద్దున్నే లేచి కొమ్ములతో తుమ్మ మొక్కల్ని కుమ్మేవాడు. ఒకటి పీకితే నాలుగు లేచేవి. మధ్యాహ్నానికి మోకాళ్ళు మొరాయించేవి. అప్పుడు రేగుచెట్టు కింద కూలబడి, తన తర్వాత ఈ నేల ఏమవుతుందోనని దిగులుపడేవాడు.

రోహిణి కార్తెలో ఒక పొద్దున గుంటయ్య వచ్చాడు. గుంటయ్య నక్క. నేల లేదు, పని లేదు, నోరొక్కటే ఉంది. దానితోనే బతికేస్తున్నాడు. వచ్చీ రాగానే పుల్లయ్య మోకాళ్ళవైపు చూసి నిట్టూర్చాడు.

"మామా, నువ్వు నేలను మోస్తున్నావా, నేల నిన్ను మోస్తున్నదా?"

"ఒకరినొకరం ఈడ్చుకొస్తున్నాం అల్లుడా."

"ఎంతకాలం ఈడుస్తావు? నాకిచ్చెయ్. తుంగమడుగు ఒడ్డున పచ్చితుంగ ఉంది, కాళ్ళకు హాయిగా బురద ఉంది. పందుల దొర గంగన్న నా మాట కాదనడు. బతికినన్నాళ్ళూ అక్కడ నీడపట్టున పడుకో."

బీడు తీసుకుని నువ్వేం చేస్తావని పుల్లయ్య అడిగాడు. చూసుకుంటానన్నాడు గుంటయ్య. ఎలా చూసుకుంటావని అడిగితే, కంటికి రెప్పలా అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదని పుల్లయ్యకు తెలియకపోలేదు. కానీ ఆ పూట నడుం పట్టేసింది, ఎండ నెత్తికెక్కింది. మూడేళ్ళలో "నీకు కష్టంగా ఉందా" అని అడిగిన మొదటివాడు ఆ నక్కే. అందుకే మెత్తబడ్డాడు.

గుంటయ్య జిత్తులమారి కాబట్టి, ఏదీ జారిపోకుండా మాటను గట్టిగా బిగించాడు. "ఆరుద్ర కార్తె మొదటినాడు సభరాయి దగ్గర ఇచ్చెయ్యాలి. చెట్టూ చేమా, రాయీ రప్పా, ఆ రోజుకు ఈ నేలమీద నీకున్న హక్కంతా నాది. ఒక్క పరక కూడా దాచుకోకూడదు."

"నాకున్నదంతా ఇస్తాను," అన్నాడు పుల్లయ్య.

ఆ మాట చాలనుకుని గుంటయ్య తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రానికే కౌజుపిట్ట రొప్పుకుంటూ వచ్చింది. దాని గూడు ఆ గడ్డిలోనే ఉంది, గూట్లో ఏడు గుడ్లున్నాయి. గుంటయ్య, గంగన్న మాట్లాడుకోవడం అది పొదలోంచి విన్నది. బీడు చేతికి రాగానే గుంటయ్య పందుల మందను దాని మీదికి వదులుతాడు. అవి దుంపల కోసం ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిరగదవ్వుతాయి. అందుకు బదులుగా గుంటయ్యకు తుంగమడుగులో బొరియ, అక్కడి బాతుగుడ్లన్నీ దక్కుతాయి. ఇదీ బేరం.

పుల్లయ్య కిందున్న ఊట వైపు చూశాడు. తవ్విన నేల ఒక్క వానకు కొట్టుకుపోతుంది. గడ్డి పోతే ఊట పోతుంది. ఊట పోతే కోన పోయినట్టే.

మర్నాడు పొద్దునకల్లా వార్త అందరికీ తెలిసింది. అందరూ వచ్చి పుల్లయ్య మీద పడ్డారు. గౌరమ్మ గొంతెత్తి దులిపేసింది. కుందేళ్ళు ఏడ్చాయి. తాతల నేలను నక్క చేతిలో పెట్టడానికి సిగ్గులేదా అని ముళ్ళపంది ముళ్ళు విదిలించింది. పుల్లయ్య అన్నీ విన్నాడు. విని విని, నెమ్మదిగా తల ఎత్తాడు.

"మీ కోపం సబబే. కానీ మూడేళ్ళుగా ఈ తుమ్మతో ఒక్కణ్ణే పోరాడుతున్నాను. కింద ఊట దగ్గర మీరంతా నీళ్ళు తాగుతూనే ఉన్నారు. కంచె పడిపోయిందని తెలిసి ఒక్కరైనా ఒక కంప తెచ్చి వేశారా? ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు, నిజమే. ఊట అందరిదంటారు, బీడు మాత్రం పుల్లయ్యదంటారు."

ముళ్ళపంది ముళ్ళు వాటంతటవే దిగిపోయాయి. ఒక్కొక్కరే తలొంచుకుని వెళ్ళిపోయారు. ఇక తనతో ఎవరూ పలకరని పుల్లయ్య అనుకున్నాడు.

తెల్లవారి లేచి చూస్తే, ఊట వైపునుంచి ఒక ఎండుకంప తనంతట తానే బీడు ఎక్కి వస్తోంది. దగ్గరికి వచ్చాక గాని, దాని కింద తాబేలు నీలవ్వ ఉన్నట్టు తెలియలేదు. కోనలో అందరికన్నా పెద్దది నీలవ్వ. పుల్లయ్య తాత దూడగా గంతులు వేయడం చూసిన ప్రాణి. తెల్లవారకముందే బయల్దేరి, ఆ ఒక్క కంపను నోట కరుచుకుని ఇంతదూరం ఈడ్చుకొచ్చింది. కంచె పడిపోయినచోట దాన్ని పడేసి, ఆయాసం తీర్చుకుంది.

"ఇదొక్కటే మొయ్యగలిగాను నాయనా. రేపు ఇంకొకటి తెస్తాను."

పుల్లయ్య ఆ కంపను కొమ్ముతో సరిగ్గా నిలబెట్టాడు.

నీలవ్వ కంప మోయడం చూశాక ఊరుకోగలిగినవాళ్ళు లేకపోయారు. ముళ్ళపంది తన పళ్ళతో తుమ్మ మొదళ్ళు కొరికింది. కొరికినదాన్ని గౌరమ్మ, పుల్లయ్య మెడలాన్చి పక్కకు తోశారు. వేళ్ళను ఉడుము ఓబులేసు గోళ్ళతో తవ్వి తీశాడు. కుందేళ్ళు లేత మొలకల్ని పీకాయి. మేకలు సిగ్గుపడి, ఇకమీద తుమ్మకాయ తిన్నరోజు బీడు తొక్కమని ఒట్టు పెట్టుకున్నాయి. పని చేస్తూ చేస్తూ ముచ్చట్లు, ముచ్చట్లలో నవ్వులు. పది రోజులకు బీడు సగం తేరుకుంది, కంచె లేచి నిలబడింది. పుల్లయ్యకు మోకాళ్ళ నొప్పి ఎక్కడికీ పోలేదు గాని, దాని సంగతి మర్చిపోయి ఉండేవాడు.

ఆరుద్ర మాత్రం దగ్గరపడుతోంది. ఒక మధ్యాహ్నం పుల్లయ్య నీలవ్వ పక్కన కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాడు. మాట తప్పలేను, తప్పకపోతే కోన మిగలదు, ఏం చెయ్యమంటావని అడిగాడు.

నీలవ్వ ఆ మాట ఎలా ఇచ్చాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పమంది. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత గడ్డిలోంచి గుప్పెడు పరకలు తుంచి, మోపులా ముందు పెట్టింది.

"నేలమీద హక్కంటే ఒక్కటి కాదు నాయనా, ఇదిగో ఇలాంటి మోపు. ఇక్కడ ఉండే హక్కు ఒక పరక. మేసే హక్కు ఒక పరక. ఇంకొకరికి ఇచ్చుకునే హక్కు ఇంకో పరక. తవ్వి బద్దలుచేసే హక్కు కూడా ఇందులో ఒక పరకే. మోపంతా నీదే. ఆ తవ్వే పరక నీకెప్పుడైనా పనికొచ్చిందా?"

"మా తాత కాలం నుంచీ ఎవరం దాన్ని ముట్టుకోలేదు అవ్వా."

"అయితే ఆరుద్రకు ముందే ఆ ఒక్కటీ తీసి కోనకు ఇచ్చెయ్. ఆ రోజుకు నీకున్నదే ఇస్తానన్నావు గనుక మాట తప్పినట్టు కాదు. మిగతా మోపు నీ దగ్గరే ఉంచుకో. ఉండు, మెయ్, నీ తర్వాత ఎవరికిస్తావో ఇచ్చుకో. నేల ఎవరి చేతికి వెళ్ళినా తవ్వే హక్కు మాత్రం వాళ్ళ వెంట వెళ్ళదు. అయితే ఒకటి. ఇచ్చాక అది తిరిగి రాదు. నీ కొడుకు అడిగినా రాదు. ఇది మేం చెప్పామని చేసే పని కాదు. నీకు మనసైతేనే."

పుల్లయ్య ఆ పరకవైపు చాలాసేపు చూశాడు. తనది అన్నదాన్ని చేజేతులా వదులుకోవడం చిన్న విషయమేమీ కాదు. వదిలేస్తే తను తక్కువవాడవుతాడా అని ఆలోచించాడు. ఊట ఎండిన బీడుకు పట్టాదారుగా ఉండటంకన్నా అదే మేలనిపించింది. సరేనన్నాడు. కానీ దొంగచాటుగా వద్దని, అందరినీ పిలవాలని, గుంటయ్యను కూడా పిలవాలని పట్టుబట్టాడు.

తీతువుపిట్ట కోనంతా తిరిగి చాటింది. పుల్లయ్య బీడు సంగతి రేపు సభరాయి దగ్గర తేల్చుకుంటున్నాం, అందరూ రండని. గుంటయ్య అప్పటికే పాత బొరియ వదిలేసి తుంగమడుగులో చేరి, బాతుగుడ్లు తిని గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నాడు. చాటింపు విని ఒక కన్ను తెరిచాడు. ముసలాళ్ళ భజనకు నేనెందుకు, ఎన్ని పాటలు పాడుకున్నా ఆరుద్రనాడు ఆ నేల నాదేనని చెప్పి, మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

మర్నాడు రాయి దగ్గర పుల్లయ్య నిలబడి, బీడును తవ్వే హక్కును కోనకు ఇచ్చేస్తున్నానని మూడుసార్లు చెప్పాడు. దాన్ని పట్టుకుని ఉండేదెవరు అన్నప్పుడు అందరూ ఓబులేసు వైపే చూశారు. ఉడుము పట్టు ఉడుము పట్టే కదా. కోటగోడ పట్టినా, కొండరాయి పట్టినా విడిచేది కాదు. ఓబులేసు సభరాయిని నాలుగు కాళ్ళతో కరుచుకుని, పట్టా పుల్లయ్యది, పట్టు నాది అన్నాడు. పుల్లయ్య ఒక్కడి మీదే భారం వెయ్యకూడదు గనుక నీలవ్వ ఇంకో మాట కూడా కలిపింది. బీడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు రోజుకు పది తుమ్మ మొలకలు పీకాలి, వానకు ముందు కంచెకు కంప వెయ్యాలి. ఆ పనిలో కోనంతా వాళ్ళకు తోడు నిలవాలి. పందుల దొర గంగన్న వెనకగా నిలబడి ఇదంతా విన్నాడు. అది అతనికి మింగుడుపడలేదు. కానీ ఆ తుంగమడుగు తనకు దక్కింది కూడా ఈ రాయి దగ్గరే. ఇక్కడి మాట ఒకసారి దాటితే రేపు తన మాట కూడా నిలవదు. గుర్రుమని వెళ్ళిపోయాడు.

ఆరుద్ర కార్తె వచ్చింది. గుంటయ్య మీసాలు నున్నగా దువ్వుకుని రాయి దగ్గరికి వచ్చాడు. ఆ రోజుకు నాకున్నదంతా ఇస్తానన్నాను, ఇచ్చేస్తున్నానని పుల్లయ్య అందరి ముందూ చెప్పాడు. తుంగమడుగు ఒడ్డున తనకేమీ అక్కర్లేదన్నాడు. వెనక్కి తిరిగి బీడును ఒకసారి చూసుకుని, పల్లం దారి పట్టాడు. గౌరమ్మ తన పచ్చికలో చోటిచ్చింది. అక్కడ మేత బాగానే ఉంది, ఆదరణ ఇంకా బాగుంది. అయినా మొదటి నాలుగు రోజులూ పుల్లయ్యకు ముద్ద దిగలేదు. ఎటు తిరిగినా కళ్ళు మెరక వైపుకే పోయేవి. గడ్డి పచ్చగా నిలబడి ఉండటం కనిపించేది. నేను లేకపోయినా అది ఉంది, ఉంటుంది అని మనసుకు చెప్పుకునేవాడు. చెప్పుకోగా చెప్పుకోగా అది కొంత ఊరట ఇచ్చింది.

ఇక గుంటయ్య సంగతి. పట్టా అందిన పూటే గంగన్న దగ్గరికి పరుగెత్తి, మందను తోలుకురమ్మన్నాడు. గంగన్న కదల్లేదు.

"తవ్వే హక్కు నీకుందా?"

"నేలే నాదైతే తవ్వడం నాది కాదా దొరా?"

"కాదు. రాయి దగ్గర అందరం విన్నాం. నువ్వొక్కడివే వినలేదు."

గుంటయ్య ఓబులేసు దగ్గరికి ఉరికాడు. బతిమాలాడు, బెదిరించాడు, చుట్టరికం కలిపాడు. చివరికి సగం బాతుగుడ్లు ఇస్తానన్నాడు. ఓబులేసు రాతిమీద ఎండ కాగుతూ కన్నైనా ఆర్పలేదు. మర్నాడు తెల్లవారగానే మాత్రం గుంటయ్య గుమ్మం ముందు హాజరయ్యాడు. పది మొలకలు పీకాలి, రమ్మన్నాడు. ముళ్ళపంది, కుందేళ్ళు కూడా మాట ప్రకారం తోడొచ్చి, ఎక్కడా ఎగతాళి చెయ్యకుండా ఎలా పీకాలో నేర్పించాయి. తుమ్మముల్లు నక్క అరికాలిలో దిగితే ఎలా ఉంటుందో గుంటయ్యకు తెలిసొచ్చింది. తను గడ్డి తినడు. తినేవాళ్ళు మేస్తుంటే కంచె తను వెయ్యాలి. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టయింది బతుకు.

అంతలో గంగన్నకు బాతుగుడ్ల సంగతి గుర్తొచ్చింది. దుంపలు రాలేదు, గుడ్లు మాత్రం అయిపోయాయి. మందనంతా వెంటేసుకుని, తుంగమడుగు పొలిమేర దాటేదాకా గుంటయ్యను తరిమికొట్టాడు. పాత బొరియకు వెళ్ళి చూసుకుంటే అందులో ముంగిస సంసారం పెట్టింది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

తొమ్మిదోరోజు గుంటయ్య కుంటుకుంటూ గౌరమ్మ పచ్చికలోకి వచ్చాడు.

"మామా, నీ నేల నువ్వే తీసుకో."

"ఎందుకు అల్లుడా, బాగాలేదా?"

"బాగానే ఉంది. నాకే బాగాలేదు."

పుల్లయ్య నవ్వలేదు. ఇచ్చేది ఉంటే రాయి దగ్గర ఇవ్వమన్నాడు. గుంటయ్య అందరి ముందూ పట్టా తిరిగిచ్చేసి, తలొంచుకుని కొండ అవతలికి దాటిపోయాడు. పోతూ పోతూ, తనలాంటి లౌక్యుణ్ణి ఒక ముసలి ఎద్దు ఎలా ముంచిందో ఎంత ఆలోచించినా అతనికి అంతుపట్టలేదు. ఎద్దు ఏమీ దాచలేదు మరి. చాటింపు వేసి మరీ చెప్పింది.

ఆ సాయంత్రం పుల్లయ్య బీడు ఎక్కేసరికి వాన మొదలైంది. నీళ్ళు ఎక్కడా ఎర్రగా పారలేదు. గడ్డి దుబ్బుల్లోకి దిగి, చప్పుడు లేకుండా నేలలోకి పోతున్నాయి. కౌజుపిట్ట ఏడు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి, అతని కడుపు కింద వాన తగలకుండా నిలబెట్టింది. వాన వెలిసేదాకా పుల్లయ్య కాలు కదపలేదు.

ఆ వానాకాలం వెళ్ళేలోపే గౌరమ్మ వచ్చి, తన పచ్చికలోనూ తవ్వే పరక తీసి ఓబులేసుకు ఇచ్చేస్తానంది. తర్వాత కుందేళ్ళు వచ్చాయి. ఆఖరికి గంగన్న కూడా వచ్చాడు. ముక్కు అటూ ఇటూ తిప్పి, మడుగు చుట్టూ తుంగ పలచబడింది, నలుగురూ ఒక చెయ్యి వేస్తే బాగుంటుందని అన్నాడు. మర్నాడు పొద్దున్నే పుల్లయ్య మోకాళ్ళు నొక్కుకుంటూ లేచి, అందరికన్నా ముందు మడుగు దారి పట్టాడు.

నీతి: నేలను కాపాడమని సొంతదారుకు చెబితే చాలదు, కాపాడటంలో అతనికి తోడు నిలవాలి.